ఇంటిపేరు ఒకటైతే రక్తం ఒకటేనా?

పోయిన సంక్రాంతికి మా ఇంట్లో ఒక పెళ్ళి సంబంధం దాదాపు ఖాయమై ఆగిపోయింది. పెళ్ళికూతురు మా పెద్దనాన్న కూతురు, అంటే నాకు అక్క. అబ్బాయి అక్క ఆఫీసులోనే పనిచేస్తాడు, సొంతూరు ఖమ్మం వైపు. కులం ఒకటే కాబట్టి ఇంట్లో పెద్ద గొడవేం కాలేదు. ఆఫీసులో అందరి ఇంటిపేర్లూ పొడి అక్షరాలుగానే ఉంటాయి కదా, ఆ అక్షరం వెనక ఏముందో ఎవరూ అడగలేదు. తీరా ముహూర్తాల మాట వచ్చేసరికి పెద్దనాన్న అడిగాడు. అది మా ఇంటిపేరే.

"ఒక్కింటోళ్ళం అయితం. వరసకు అన్న అయితడు. ఎట్ల చేస్తం?" అన్నాడు.

మాది నల్లగొండ జిల్లా. రెండు కుటుంబాల్లో ఎవరూ ఎవరినీ అంతకుముందు చూసింది లేదు, ఒకరి పెళ్ళికి ఒకరు వెళ్ళింది లేదు. అయినా ఇంటిపేరు కలిస్తే అన్నాచెల్లెళ్ళే. మలక్‌పేటలో మా హాల్లో అందరూ మొహాలు వేలాడేసుకుని కూర్చున్నప్పుడు నేను నోరు జారాను. "వాళ్ళ నాన్నకీ పెద్దనాన్నకీ డీఎన్‌ఏ టెస్ట్ చేయిస్తే ఒకటే వంశమో కాదో తేలిపోతుంది కదా?"

అందరూ నా వైపు చూశారు. ఈసీఈ మూడో సంవత్సరం వాడికి బయాలజీ ఏం తెలుసు అని వాళ్ళ చూపు. నిజంగానే తెలీదు, ఇంటర్‌లో నాది ఎంపీసీ. ఆ తర్వాత రెండు నెలలు కూర్చుని చదివినదే ఈ వ్యాసం. మా ఇంటిపేరు మాత్రం ఇందులో రాయడం లేదు. ఎందుకో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

మొదట కొంచెం వ్యాకరణం

ఇది సాహిత్య క్లబ్ పత్రిక కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతా. మన ఇంటిపేర్లలో చాలా వాటికి మూలం ఊళ్ళు. వేలూరు నుంచి వేలూరి, కొండవీడు నుంచి కొండవీటి, చింతలపాడు నుంచి చింతలపాటి. బడిలో ఔపవిభక్తికాలు అని బట్టీ పట్టాం, గుర్తుందా? ఇ, టి, తి. ఊరు–ఊరి, ఇల్లు–ఇంటి, చేయి–చేతి. అప్పుడు మార్కుల కోసం చదివాం కానీ, మన పేర్ల ముందు రోజూ మోస్తున్నది అదే. 'వేలూరి' అంటే వేలూరుకి చెందిన అని. ఎవరికి పుట్టాడని కాదు, ఎక్కడి నుంచి వచ్చాడని. అసలు ఆ మాటే చూడండి: ఇంటి పేరు. మనవాళ్ళు దాన్ని రక్తం పేరు అనలేదు.

ఇంకో విషయం. ఒక ఊళ్ళో ఉన్నన్నాళ్ళు ఆ ఊరి పేరు ఎవరికీ గుర్తింపు కాదు, అందరిదీ అదే ఊరు కదా. ఊరు వదిలి వేరేచోట స్థిరపడ్డాకే "ఫలానా ఊరోళ్ళు" అని పిలుస్తారు. అదే ఊరి నుంచి ఒక కరణం కుటుంబం, ఒక రైతు కుటుంబం, ఒక కంసాలి కుటుంబం వేరువేరు కాలాల్లో వెళ్ళి ఉంటే మూడింటికీ ఒకే ఇంటిపేరు వస్తుంది. ఒకే ఇంటిపేరు నాలుగైదు కులాల్లో కనిపించడానికి ఇదొక కారణం. పైగా కొత్తపల్లి, రామాపురం లాంటి పేర్లున్న ఊళ్ళు మనకి ఎన్నో. ఏ కొత్తపల్లి నుంచి వచ్చిన కొత్తపల్లి వారు?

పేరుని బట్టి పుట్టుక ఊహిస్తే ఏమవుతుందో మన పక్కనే ఒక ఉదాహరణ ఉంది. మెట్రోలో మలక్‌పేట, న్యూ మార్కెట్ దాటగానే మూసారాంబాగ్. వింటే ఎవరో మూసా, ఎవరో రాముడు అనిపిస్తుంది. అసలు మనిషి నిజాం కొలువులో పనిచేసి 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని మొస్యూ రేమండ్. జనం నోట్లో నలిగి నలిగి కొందరికి మూసా రాం అయ్యాడు, ఇంకొందరికి మూసా రహీం అయ్యాడు. ఆ పేరు పట్టుకుని వంశవృక్షం గీస్తే ఎక్కడ తేలతామో మీరే ఊహించుకోండి.

తండ్రి నుంచి కొడుక్కి

సరే, పేరు చెప్పలేనిది డీఎన్‌ఏ చెప్తుందా? దీనికి వాడేది వై క్రోమోజోమ్. మగవాళ్ళలో మాత్రమే ఉంటుంది, తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వెళ్తుంది. మిగతా క్రోమోజోమ్‌లు ప్రతి తరంలో పేక ముక్కల్లా కలిసిపోతాయి కానీ, వైలో దాదాపు 95 శాతం భాగం ఏ కలయికా లేకుండా అలాగే దిగుతుంది. ఇంటిపేరు దారీ, వై దారీ ఒకటే కాబట్టి ఈ పరీక్షకి అంత ఆకర్షణ. అక్కలో వై ఉండదు, అందుకే పెద్దనాన్న ఉమ్మి కావాలి. అమ్మ వైపు దారి చూడాలంటే మైటోకాండ్రియా డీఎన్‌ఏ ఉంది. అది తల్లి నుంచి పిల్లలందరికీ వస్తుంది, కూతుళ్ళు మాత్రమే ముందుకి పంపుతారు. పుట్టింటి పేరు, మెట్టింటి పేరు అని ప్రతి తరంలో మారిపోయే వరసకి మాత్రం ఏ ఇంటిపేరూ అతకదు.

ఇది కోర్టుల్లో విని ఉన్న పితృత్వ పరీక్ష కాదు. అక్కడ ప్రశ్న ఒక్కటే: ఇతను ఇతనికి తండ్రా, కాదా. 2012లో ఆంధ్రప్రదేశ్ మాజీ గవర్నర్ ఎన్.డి. తివారీ కేసులో నమూనాలు పరీక్షించింది మన హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీనే. అలాంటి కేసులో జవాబు దాదాపు ఖచ్చితంగా వస్తుంది, ఎందుకంటే మధ్యలో ఒక్క తరమే. మాకు కావాల్సింది పది తరాల వెనక సంగతి.

వైలో కొన్నిచోట్ల చిన్న ముక్క మళ్ళీ మళ్ళీ రాసి ఉంటుంది. ఉదాహరణకి డీవైఎస్ 391 అనే చోట నాలుగు అక్షరాల ముక్క ఒకరిలో 10 సార్లు, ఇంకొకరిలో 11 సార్లు ఉండొచ్చు. ఇలాంటి చోట్లు 37 తీసుకుని లెక్కపెడితే 37 అంకెలు వస్తాయి. ఇద్దరు మగవాళ్ళ అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చడమే పరీక్ష. తండ్రి నుంచి కొడుక్కి నకలు తీసేటప్పుడు ఎప్పుడో ఒకసారి ఒక అంకె పెరుగుతుంది లేదా తగ్గుతుంది. మన భాషలో బిట్ ఎర్రర్ రేట్ అన్నమాట. చోటుని బట్టి మారుతుంది కానీ, లెక్క సులువు కోసం ఒక్కో చోట 500 నకళ్ళకి ఒక తప్పు అనుకుందాం.

ఇప్పుడు ఇద్దరికీ పది తరాల వెనక ఒకే ముత్తాత ఉన్నాడనుకోండి. ఇటు పది నకళ్ళు, అటు పది, మొత్తం 20. 20ని 37తో గుణించి 500తో భాగిస్తే 1.48. అంటే నిజంగా ఒకే వంశం వాళ్ళైనా సగటున ఒకటి రెండు తేడాలు ఉంటాయి. పాయిసన్ సూత్రంలో పెడితే ఒక్క తేడా కూడా లేకుండా ఉండే అవకాశం 23 శాతమే. అందుకే 37 చోట్ల పరీక్షలో 4 తేడాల వరకు 'కలిసింది' అని చూపించడం వాడుక. పది, పదిహేను తేడాలుంటే కలిసే మనిషి వేల ఏళ్ళ వెనక ఉన్నట్టు, అప్పటికి ఇంటిపేర్ల మాటే లేదు.

ఆన్‌లైన్‌లో దొరికే చవక కిట్లు కొన్ని ఈ అంకెలివ్వవు. "మీరు హెచ్ హాప్లోగ్రూప్" లేదా "ఆర్1ఏ" అని ఒక అక్షరం చెప్పి రంగుల మ్యాప్ ఇస్తాయి. అది వేల ఏళ్ళ లోతు కొమ్మ. ఇద్దరిదీ హెచ్ అయినంత మాత్రాన చుట్టాలు కారు, అది గోత్రమూ కాదు. డబ్బులు దండగ అనను కానీ, మా ప్రశ్నకి పనికిరాదు.

కలిస్తే సరే, కలవకపోతే?

దీని మీద పేరున్న పరిశోధన 2000లో ఇంగ్లండులో వచ్చింది. బ్రయాన్ సైక్స్ అనే ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్త తన ఇంటిపేరున్న మగవాళ్ళకే ఉత్తరాలు రాసి 48 మంది నమూనాలు తెప్పించాడు. సైక్స్ అంటే యార్క్‌షైర్ మాటల్లో చిన్న వాగు. వాగులు ఎన్నో ఉంటాయి కాబట్టి ఈ పేరు ఎందరో విడివిడిగా పెట్టుకుని ఉంటారనే అందరూ అనుకున్నారు, నేను పైన కొత్తపల్లి గురించి అన్నట్టే. తీరా చూస్తే దాదాపు సగం మందిది ఒకే వై. అంటే ఆ పేరు ఒక్క మనిషి దగ్గర మొదలై ఉండొచ్చు. వాడింది నాలుగు చోట్లే, ఇప్పటి లెక్కల్లో ముతక పరీక్ష. అయినా నాకది చెంపదెబ్బ. వ్యాకరణం చూసి 'ఊరి పేరు, కాబట్టి చాలామంది మూలపురుషులు' అని తేల్చేయడం ఒక ఊహ మాత్రమే. పరీక్షించే దాకా మా పెద్దనాన్న మాటా నిజం కావచ్చు.

మరి మిగతా సగం? అదే పరిశోధనలో ఒక్కో తరంలో సుమారు 1.3 శాతం చోట్ల దారి తెగి ఉంటుందని లెక్కగట్టారు. తెగడం అంటే పేరు ఒక తండ్రిది, వై ఇంకొకరిది. దీనికి చెడ్డ అర్థమే తీయక్కర్లేదు. దత్తత, చనిపోయిన అన్న పిల్లల్ని తమ్ముడు పెంచితే అది తెగినట్టు కాదు కానీ, ఆమె మొదటి పెళ్ళి బిడ్డలు రెండో భర్త పేరుతో పెరగడం, ఇల్లరికం వెళ్ళినవాడి పిల్లలు తాత పేరు పెట్టుకోవడం, ఇవన్నీ తెగడాలే. 1.3 శాతం చూడ్డానికి చిన్నదే. 20 నకళ్ళకి 0.987ని 20సార్లు గుణించి చూడండి, 77 శాతం దగ్గర ఆగుతుంది. అంటే పది తరాల దూరంలో ఉన్న నిజమైన దాయాదుల జంటల్లో నాలుగింట ఒకటి దగ్గర దగ్గరగా కలవకుండా పోతుంది.

రాజుల ఇళ్ళల్లోనే నిలవలేదు. ఇంగ్లండు రాజు మూడో రిచర్డ్ ఎముకలు 2012లో లెస్టర్‌లో ఒక పార్కింగ్ స్థలం కింద దొరికాయి. 2014లో వచ్చిన ఫలితాల్లో అక్క వైపు తల్లిదారి మనుషుల మైటోకాండ్రియా డీఎన్‌ఏ చక్కగా కలిసింది. కాగితాల ప్రకారం మగదారి దాయాదులైన ఐదుగురి వై రాజుగారితో కలవలేదు. ఆ ఐదుగురిలో కూడా ఒకరిది మిగతా నలుగురితో కలవలేదు. అంత పకడ్బందీగా రాసిపెట్టుకున్న వంశవృక్షం గతి అది.

అంటే కలిస్తే ఒక అర్థం, కలవకపోతే రెండు అర్థాలు. మొదటి నుంచీ వేరే వంశాలు కావచ్చు, లేదా ఒకే వంశంలో ఎక్కడో దారి తెగి ఉండొచ్చు. ఇద్దరి నమూనాలతో ఏదో చెప్పలేం. రెండు ఊళ్ళ నుంచీ అదే ఇంటిపేరున్న పదేసి మందివి కావాలి. నేను ఇంట్లో "తేలిపోతుంది" అన్నది సగం అబద్ధం అని అప్పటికి అర్థమైంది. అయినా ఉత్సాహం చావలేదు. పెద్దనాన్న ఒప్పుకోకపోయినా పర్లేదు, ఆయన వై, మా నాన్న వై, నా వై ఒకటే కదా. నా ఉమ్మి చాలు. కిట్ కార్ట్‌లో పెట్టి నాయనమ్మకి చూపించాను.

నాయనమ్మ చెప్పింది

ఆమె ఫోన్ వైపు చూడలేదు. "ఆ డబ్బా తెప్పియ్యకు బిడ్డా" అంది. కాసేపు ఆగి, "మీ తాత ఈ ఇంట్ల పుట్టలే. సాదుకున్నరు" అంది.

తాతయ్యని తీసుకొచ్చిన వాళ్ళకి పిల్లల్లేరట. ఆవిడ అక్క కొడుకుని మూడేళ్ళప్పుడు తెచ్చుకుని పెంచారు. తాతయ్య పుట్టింటి పేరు వేరు. పెద్దనాన్నకి తెలుసు, మా నాన్నకి తెలుసు, మా ఇద్దరు అత్తలకి తెలీదు. నేను కిట్ తెప్పించి ఉంటే వచ్చే అంకెలు మా ఇంటిపేరువి కావు, తాతయ్య కన్నతండ్రివి. ఖమ్మం వాళ్ళతో ఎలాగూ కలవవు. నేను గెలిచాననుకుని చప్పట్లు కొట్టేవాణ్ణి, కలవకపోవడానికి అసలు కారణం నాకు తెలిసేది కాదు. ఇంకా ఘోరం, ఆ వెబ్‌సైట్‌లో తాతయ్య పుట్టింటి పేరుతో ఎవరో అమెరికాలో ఉన్న అబ్బాయి 'మీ దగ్గరి బంధువు' అని నాకు మెసేజ్ పెట్టేవాడు.

ఇది ఊహ కాదు, ఇలాగే జరుగుతుంది. 2013లో యానివ్ ఎర్లిక్ బృందం ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి ఉన్న వంశవృక్షాల సైట్లు మాత్రమే వాడి, పేరు లేకుండా పరిశోధనకి ఇచ్చిన వై అంకెల నుంచి మనుషుల ఇంటిపేర్లు కనిపెట్టి చూపించింది. 2023లో 23అండ్‌మీ అనే కంపెనీ నుంచి 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి, 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. వై మార్చుకోలేం, పైగా అది నా ఒక్కడిదీ కాదు. పెద్దనాన్న, నాన్న, తమ్ముడు, అందరి సంతకం నేనొక్కణ్ణే పెట్టినట్టు.

అయితే ఇప్పుడు అక్క పెళ్ళికి అడ్డేముంది? రక్తం వేరని నాయనమ్మే చెప్పింది కదా! నేను అదే అడిగాను. పెద్దనాన్న చాలాసేపు మాట్లాడలేదు. "గాయన పేరు మీద భూమి తిన్నం. గాయనకే పిండం పెట్టినం. ఇయ్యాల పెండ్లి కోసం గా ఇంటోళ్ళం కాదని చెప్పాల్నా?" అన్నాడు. నా దగ్గర ఏ ఫార్ములా లేదు.

చట్టం ఏమంటుందో అక్కే వెతికింది. ఒకే గోత్రం అన్న కారణంతో హిందూ వివాహం చెల్లకుండా పోదని 1946లోనే ఒక చట్టం చెప్పేసింది. 1955 హిందూ వివాహ చట్టం ఇంటిపేరు ఊసే ఎత్తదు. అది చూసేది సపిండ సంబంధం: మనిషిని ఒకటో తరంగా లెక్కపెట్టి తండ్రి వైపు ఐదు తరాలు, తల్లి వైపు మూడు. ఆ లోపల ఇద్దరికీ ఉమ్మడి పూర్వీకులు ఉండకూడదు, ఆచారం ఒప్పుకుంటే తప్ప. దత్తత విషయంలో 1956 చట్టం 12వ సెక్షన్ ఇంకో మెలిక పెట్టింది. దత్తు వెళ్ళిన బిడ్డ అన్ని రకాలుగా పెంచినవాళ్ళ బిడ్డే, కానీ కన్నవాళ్ళ ఇంట్లో ఎవర్ని చేసుకోకూడదో వాళ్ళని దత్తత తర్వాత కూడా చేసుకోకూడదు. పేరునీ రక్తాన్నీ రెండింటినీ గుర్తుపెట్టుకున్న నిబంధన అది. నాకు నచ్చింది.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. రెండేళ్ళ క్రితం ఇదే అక్కకి మా పెద్దత్త కొడుకుతో మాటలు నడిచాయి. మేనబావ, ఎవరికీ అభ్యంతరం లేదు. వాళ్ళిద్దరి మధ్య ఉమ్మడి డీఎన్‌ఏ సగటున 8లో 1 వంతు. ఖమ్మం అబ్బాయితో నిజంగానే పది తరాల వెనక ఒక ఉమ్మడి జంట ఉందనుకున్నా, ఆ దారిలో వచ్చే వాటా 2ని 19సార్లు గుణిస్తే వచ్చే సంఖ్యలో, అంటే 5,24,288లో 1 వంతు. మొదటిది వరస, రెండోది తప్పు!

కానీ ఇక్కడా నేను తొందరపడకూడదు. కులం లోపలే పెళ్ళిళ్ళు తరతరాలుగా నడిస్తే అందరూ అందరికీ కొంచెం కొంచెం చుట్టాలే అవుతారు. హబ్సిగూడలోని సీసీఎంబీ నుంచి తంగరాజ్, హార్వర్డ్ నుంచి డేవిడ్ రైక్, వాళ్ళ బృందం 2017లో ప్రచురించిన పరిశోధనలో దక్షిణాసియాకి చెందిన 263 సమూహాలు చూస్తే 81 సమూహాలు ఫిన్లాండ్ వాళ్ళకంటే, అష్కెనాజీ యూదులకంటే కూడా తక్కువ మంది పూర్వీకుల నుంచి పెరిగినట్టు తేలింది. అందులో మన వైశ్యుల ఉదాహరణ ఉంది. ఆపరేషన్ ముందు ఇచ్చే ఒక రకం కండరాల మందు కొందరు వైశ్యులకి చాలాసేపు దిగదు, దానికి కారణం అలా వారసత్వంగా వచ్చిన ఒక ఎంజైమ్ లోపం. డాక్టరుకి ముందే తెలిస్తే మందు మారుస్తారు. డీఎన్‌ఏ పరీక్ష మన ఇళ్ళల్లో నిజంగా పనికొచ్చే చోటు ఇలాంటిది. పెళ్ళికి ముందు ఇద్దరూ జబ్బు జన్యువుల పరీక్ష చేయించుకుంటే దానికొక జవాబు వస్తుంది. ఇంటిపేరు చూసి ఆపితే ఆ ప్రమాదం తగ్గదు, మేనరికం అని ఒప్పుకుంటే పెరుగుతుంది.

మేనరికాల ఇళ్ళల్లో ఇంకో తమాషా. అమెరికా కంపెనీలు మొత్తం డీఎన్‌ఏ పోల్చి 'రెండో తరం కజిన్' అని చెప్పే లెక్క, తల్లిదండ్రులు ఒకరికొకరు ఏమీ కారు అనుకుని చేసినది. మన దగ్గర ఒకే మనిషి మేనమామా అవుతాడు, మామగారూ అవుతాడు. అందుకే దూరపు చుట్టాలు కూడా దగ్గరివాళ్ళలా కనిపిస్తారు. వై లెక్కకి మాత్రం ఈ తిప్పలు లేవు.

కిట్ కార్ట్‌లోంచి తీసేశాను. ఈ వ్యాసం నాయనమ్మకి చదివి వినిపించాకే పంపుతున్నాను. "ఇంటిపేరు, ఊరిపేరు రాయకు. మిగిలింది రాస్కో" అంది. మా అత్తలకి ఆమే ఫోన్ చేసి చెప్పింది, ఒకరు ఏడ్చారట, ఒకరు "నాకెప్పుడో అనుమానం" అన్నారట.

పెద్దనాన్న ఒప్పుకున్నాడని చెప్పలేను. ఖమ్మం వాళ్ళని మాత్రం ఈ ఆదివారం మలక్‌పేట రమ్మన్నాడు. వాళ్ళ ముత్తాతల పేర్లు, ఊళ్ళు రాసుకుని తెమ్మన్నాడట, మనవి నువ్వు రాయరా అని నాకు పురమాయించాడు. ఐదు తరాలు కావాలి. నాలుగు దాకా పెద్దనాన్న చెప్పాడు, ఐదో పేరు నాయనమ్మకే గుర్తుంది. ఒక కాగితం అయ్యాక ఆమె ఇంకో తెల్ల కాగితం నా ముందుకి జరిపి తాతయ్య కన్నవాళ్ళ పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. అందులో మూడు తరాలే వచ్చాయి. మొదటిది పెద్దనాన్న జేబులో పెట్టుకున్నాడు. రెండోది నాయనమ్మ మడిచి తన బీరువాలో పెట్టుకుంది, ఆదివారం అవసరమైతే తీస్తానంది.